వేసవి తీపి: తమ్ముళ్ళతో, చెల్లెళ్ళతో

(వేసవి సెలవులకు ముందు చింతూరులో యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

పిల్లల తిండి గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వాళ్ళు నన్ను అడిగారు. ప్రొటీన్లు, విటమిన్లు అంటూ బోర్డు మీద రాసే పాఠం చెప్పను. అది మీరు బడిలో విన్నదే. ఎండాకాలంలో పిల్లలతో కలిసి కూర్చుని చేసుకునే చిన్న చిన్న తీపి వస్తువుల గురించి చెబుతాను. విషయం చిన్నది. వదిలేస్తే మాత్రం పోయేది చిన్నది కాదు.

ముందు ఈ మాట మీకే ఎందుకు చెబుతున్నానో వినండి. మీలో డిగ్రీ చదివేవాళ్ళున్నారు, ఐటీఐ వాళ్ళున్నారు, నర్సింగ్ చదివే ఆడపిల్లలున్నారు. మీ ఇళ్ళల్లో నాలుగో తరగతి తమ్ముడో, ఆరో తరగతి చెల్లెలో ఉంటారు. ఏప్రిల్ చివర్లో మేం హాస్టల్‌కు తాళం వేస్తే మళ్ళీ జూన్ రెండో వారం దాకా ఆ పిల్లలు ఇంటి దగ్గరే. సరిగ్గా ఆ రోజుల్లోనే తునికాకు పని. అమ్మానాన్న తెల్లవారకముందే అడవికి పోతారు. ఆకు కోసి, మోసుకొచ్చి, యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి, కల్లంలో అప్పగించేసరికి పొద్దు వాలుతుంది. ఆ పగలంతా చిన్నవాళ్ళకు దిక్కు మీరే. చేతిలో పది రూపాయలుంటే వాళ్ళు కొట్టుకు పోతారు. రంగు నీళ్ళ ఐస్, కారం ప్యాకెట్, కూల్‌డ్రింక్ సీసా. నలభై డిగ్రీలు దాటే ఎండలో పిల్లవాడికి చల్లనిది, తియ్యనిది కావాలనిపించడం తప్పు కాదు. ఆ కోరికను తిట్టకండి. దాన్ని తీర్చే దారి ఇంకోటి ఉందని వాళ్ళకు చూపించండి.

హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లలను నేనొక ప్రశ్న అడుగుతుంటాను. పది అడవి పండ్ల పేర్లు చెప్పమంటాను. అవ్వ వెంట తిరిగిన పిల్లలు వేళ్ళు మడుచుకుంటూ ఇరవై దాకా చెబుతారు. తునికి, మొర్రి, నేరేడు, ఈత, పరికి, రేగు, వెలగ, ఇంకా నేను వినని పేర్లు కూడా వాళ్ళ ఇంటి భాషలో చెబుతారు. కొంతమంది నాలుగు దగ్గర ఆగిపోతారు. అదే ప్యాకెట్ల పేర్లు అడిగితే అందరూ గడగడా అప్పజెబుతారు. ఇప్పపూల మాటెత్తితే ఒక పాప, "మేడం, అవి సారాకి కదా?" అంది. ఆ పాప తప్పేమీ లేదు. ఆ పూలతో తీపి చేసి ఆ పిల్ల చేతిలో ఎవరూ పెట్టలేదు.

ఈమధ్య పట్నాల్లో ఏ పనైనా 'మైండ్‌ఫుల్'గా చేయాలి అంటున్నారు. మన మాటలో అది ధ్యాస. చేసే పని మీద ధ్యాస, తినే ముద్ద మీద ధ్యాస. ఇది మనకు కొత్త కాదు. మామిడి కాయ కళ్ళెదుట వేలాడుతున్నా, కొత్త పండుగ చేసి దేవతకూ పెద్దలకూ పెట్టేదాకా నోట పెట్టని ఆచారం కోయల్లో ఉంది, కొండరెడ్లలో ఉంది. పిల్లప్పుడు అదొక అడ్డంకిలా అనిపిస్తుంది. ఇప్పుడు ఆలోచిస్తే నాకు అందులో మూడు సంగతులు కనిపిస్తున్నాయి. కాయ ముదిరేదాకా ఆగడం, ఒక్కడు కాకుండా ఊరంతా కలిసి తినడం, తినే ముందు ఇచ్చినవాళ్ళను తలుచుకోవడం. పిల్లలకు ధ్యాస నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం టీచర్ ట్రైనింగ్‌లో నాకెవరూ చెప్పలేదు.

అందుకని ఏ వస్తువు చేసినా పిల్లలను మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఏ చెట్టుది? మన ఇంటి భాషలో దీని పేరేంటి? మనం ఎంత తీసుకున్నాం, ఎంత వదిలాం? ఈ మూడింటికీ జవాబు దొరికాకే తినడం. ఇక వస్తువుల దగ్గరికి వద్దాం.

తాటి ముంజలు

కాయ దించడం పెద్దవాళ్ళ పని. చెట్టెక్కేవాళ్ళు ఒక గెల దించితే మీరు పిల్లలను చుట్టూ కూర్చోబెట్టండి. ఏది లేత, ఏది ముదురు? ముందు వాళ్ళనే చెప్పనివ్వండి. కత్తి మీ చేతిలోనే ఉండాలి. సాధారణంగా ఒక కాయలో మూడు ముంజలుంటాయి. లేత ముంజలో వేలు గుచ్చి ఆ నీళ్ళు తాగడం మొదటి ఆట. పైపొట్టు వగరుగా ఉంటుంది కాబట్టి దాన్ని ఒలవడం పిల్లలకు ఇవ్వండి. మెల్లగా ఒలవకపోతే ముంజ చిదిగిపోతుంది. "మెల్లగా" అని మనం చెప్పక్కర్లేదు, ఆ ముంజే చెబుతుంది. అయిదేళ్ళలోపు పిల్లలకు చిన్న ముక్కలు చేసి పెట్టండి, జారుడుగా ఉంటుంది కాబట్టి గొంతులో పడే ప్రమాదముంది.

ఒలిచిన ఆరు ముంజలు ముక్కలు చేసి, కాచి చల్లార్చిన నీళ్ళు రెండు గ్లాసులు, రెండు చెంచాల బెల్లం తురుము, అర నిమ్మచెక్క రసం కలపండి. ముగ్గురు పిల్లలకు సరిపోతుంది. ఖాళీ కాయలు పారేయకండి. రెండు కాయల మధ్య పుల్ల గుచ్చి, వెదురు కర్ర కట్టి, తాటికాయ బండి చేయించండి. సాయంత్రం దాకా మీకు అల్లరి బాధ ఉండదు.

ఒక గెలను మాత్రం చెట్టు మీదే వదిలేయమనండి. వానాకాలం చివర్లో ఆ కాయలు పండై రాలతాయి. ఆ టెంకలు మట్టిలో పాతితే సంక్రాంతి నాటికి తేగలు. మే నెలలో వదిలినదాన్ని జనవరిలో తవ్వుకుని తిన్న పిల్లవాడికి 'వదలడం' అంటే ఏంటో ఇక ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

చింతపండు పానకం

చింతూరులో చింతచెట్టు గురించి చెప్పడం ఎందుకు! నిమ్మకాయంత చింతపండు అరగంట నానబెట్టి, పిసికి వడకట్టి, లీటరు నీళ్ళు పోయండి. బెల్లం, చిటికెడు ఉప్పు, నలగ్గొట్టిన నాలుగు మిరియాలు. భద్రాచలంలో రామనవమికి ఇచ్చే పానకంలోనూ ఈ బెల్లం, మిరియాలే. ఇక్కడ ధ్యాస నాలుక మీద పెట్టాలి. బెల్లం వేయకముందు ఒక చుక్క, వేశాక ఒక చుక్క, ఉప్పు పడ్డాక ఇంకో చుక్క నాలుక మీద వేసుకోమనండి. ఏం మారిందో వాళ్ళ మాటల్లో చెప్పమనండి.

అదే సమయంలో లెక్క కూడా చేయించండి. కూల్‌డ్రింక్ సీసా వెనక 100 మిల్లీలీటర్లకు ఎంత చక్కెరో అచ్చు వేసి ఉంటుంది. 10 గ్రాములని ఉంటే 250 మిల్లీలీటర్ల సీసాలో 25 గ్రాములు. అంటే ఆరు టీ చెంచాలు. ఆ ఆరు చెంచాలు నిజంగా ఒక గ్లాసులో వేసి చూపించండి. బెల్లం కూడా తీపే, మన బెల్లమని గుప్పిళ్ళతో వేయకూడదని కూడా చెప్పండి. పిల్లలకు సగం నిజం చెబితే వాళ్ళు మొత్తం నమ్మరు.

రాగి జావ

రాత్రి నాలుగు చెంచాల రాగి పిండిని గ్లాసు నీళ్ళలో కలిపి మూత పెట్టండి. పొద్దుటికి కొంచెం పులుస్తుంది. మూడు గ్లాసుల నీళ్ళు మరిగించి, ఈ పిండి పోస్తూ ఉండ కట్టకుండా కలుపుతూ పది నిమిషాలు ఉడికించాలి. పొయ్యి దగ్గర మీరే ఉండాలి. చల్లారాక మట్టికుండలో పోసి, చుట్టూ తడిబట్ట చుట్టి, గాలి ఆడే నీడలో పెట్టండి. మధ్యాహ్నం ఒకసారి స్టీలు గిన్నె మీద చెయ్యి పెట్టమనండి, ఒకసారి కుండ మీద. కుండ ఎందుకు చల్లగా ఉందో అడగండి. తడి ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుందన్న సైన్సు పాఠం ఆ అరచేతిలో ఉంటుంది. బెల్లమో, ఉప్పూ ఉల్లిపాయో వేసుకుని తాగొచ్చు.

జావ తాగేవాళ్ళను ఒకప్పుడు వెనకబడినవాళ్ళన్నారు. 2023 మార్చి నుంచి రాష్ట్రంలో ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజన పథకంలో వారానికి మూడు రోజులు రాగి జావ చేర్చారు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంతో పోలిస్తే ముప్పై రెట్ల కన్నా ఎక్కువ. మన పోడులో పండినదానికి సిగ్గుపడాల్సిన పని లేదని మీ తమ్ముడికి మీ నోటితో చెప్పండి.

ఇప్పపూల ఉండలు

సెలవులు వచ్చేసరికి ఇప్పపూల కాలం దాదాపు అయిపోతుంది. కానీ అటక మీదో, బుట్టలోనో ఎండిన పూలుంటాయి. అవ్వను అడిగి రెండు గ్లాసులు తీసుకోండి. పిల్లలు ఒక్కో పువ్వు చేతిలోకి తీసుకుని లోపలి కేసరాలు, పుల్లలు ఏరాలి. ఈ ఏరడమే అసలు పని. అరగంట పడుతుంది. ఆ అరగంటలో అవ్వను పక్కన కూర్చోబెట్టుకుంటే ఏ చెట్టు ఎవరి వంతు, ఏ ఏడాది పూత బాగా వచ్చింది, కరువులో వీటితో ఎలా గడిపారు అన్నీ ఆమే చెబుతుంది. ఏరిన పూలు కడిగి, బట్ట మీద ఎండబెట్టి, సన్నటి మంట మీద దోరగా వేయించండి. ఒక గ్లాసు నువ్వులు విడిగా వేయించండి. రెండూ రోట్లో వేసి దంచితే పూల తీపికే ముద్దవుతుంది. కావాలంటే ఒక చెంచా బెల్లం, లేకపోయినా పర్వాలేదు. చిన్న ఉసిరికాయంత ఉండలు చుట్టండి. రోజుకు ఒకటి రెండు చాలు.

తెలంగాణలో ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు ఆదివాసీ మహిళలు ఈ ఇప్పపూలతోనే లడ్డూలు చేసి అమ్ముతున్నారు. సారా పేరుతో మాత్రమే లోకానికి తెలిసిన పువ్వును వాళ్ళు పిల్లల తీపిగా లోకానికి చూపించారు. మనకూ అదే పువ్వు ఉంది, అవే చేతులున్నాయి.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. పూలు తెల్లవారుజామున రాలతాయి. కింద ఆకులుంటే ఏరడం కష్టమని కొన్నిచోట్ల నిప్పు పెడతారు. ఆ నిప్పు ఆకులతో ఆగదు. పక్కనున్న చిన్న మొలకలను, ఇంకో పదేళ్ళకు పూతకు రావాల్సిన ఇప్ప మొక్కలను కూడా కాల్చేస్తుంది. చీపురుతో ఊడ్చండి, లేదా పాత చీరలు పరవండి. వచ్చే మార్చిలో ఇది చేసి చూపించాల్సింది మీరే. మొర్రి పండ్ల కోసం కొమ్మ నరకడం కూడా అంతే. కొమ్మ నరికితే ఈ ఏడాది బుట్ట నిండుతుంది, వచ్చే ఏడాది చెట్టు దగ్గరికి వెళ్ళే పనే ఉండదు.

మామిడి తాండ్ర, పుల్ల ఐస్

బాగా పండిన నాటు మామిడి రసం తీసి, పీచు వడకట్టి, లీటరు రసానికి ఒక చిన్న గ్లాసు బెల్లం కలపండి. శుభ్రమైన తాటాకు చాప మీదో, నూనె రాసిన పళ్ళెం మీదో పలచగా పరిచి ఎండబెట్టండి. మీద పలచటి బట్ట కప్పాలి, ఈగలు వాలకుండా. సాయంత్రం లోపలికి తేవాలి. మర్నాడు దాని మీద ఇంకో పొర. అయిదారు రోజులు ఇలా. రోజూ ఎవరో ఒక పిల్లవాడు కాపలా. మధ్యలో చించుకు తినాలనిపిస్తుంది, తప్పకుండా ఎవరో ఒకరు అంచు కొరుకుతారు. కోప్పడకండి. ఆరో రోజు ముక్కలు కోసి, ముందు అవ్వకు, తాతకు, పక్కింటివాళ్ళకు పిల్లల చేతే ఇప్పించండి. ఆగి, పంచుకుని తిన్న తీపి వేరు.

ఫ్రిజ్ ఉన్న ఇల్లయితే అదే రసాన్ని కాచి చల్లార్చిన నీళ్ళతో పలచన చేసి, స్టీలు గ్లాసుల్లో పోసి, నున్నగా చెక్కిన వెదురు పుల్ల నిలబెట్టండి. పుల్ల ఐస్ తయారు. జూన్‌లో నేరేడు పండ్లతో చేస్తే ఊదారంగు వస్తుంది. రంగు డబ్బాలోంచే రావాలని లేదని పిల్లవాడు తన నాలుక చూసుకుని నమ్ముతాడు.

జాగ్రత్తలు

తెలియని పండు నోట పెట్టకూడదన్నది మొదటి సూత్రం. మన అడవిలో ముష్టి చెట్టు ఉంది. దాని పండు నారింజలా నిగనిగలాడుతుంది, గింజలో ప్రాణం తీసే విషం. ఆ చెట్టును పిల్లలకు చూపించి మరీ చెప్పండి. జీడిమామిడి గింజ పచ్చిదాన్ని కొరికితే, చిదిమితే ఆ రసం చర్మాన్ని కాలుస్తుంది. మామిడి టెంకలోని జీడి పిండి వండుకునే పద్ధతి పెద్దలకు తెలుసు, చేదు పోయేదాకా నీళ్ళలో ఊరవేస్తారు. అది పిల్లల ఆట కాదు, బూజు పట్టినదాని జోలికి అసలే పోవద్దు. తాగే నీళ్ళు కాచి చల్లార్చినవే వాడండి. చేతులు కడుక్కున్నాకే పని మొదలు.

తమ్ముళ్ళూ, ఇంకో మాట మీకే. ఇదంతా వంట కదా, ఆడపిల్లలు చూసుకుంటారులే అనుకోవద్దు. చెట్టు దగ్గరికి తీసుకెళ్ళడం, రోట్లో దంచడం, చెల్లెలి గ్లాసు కడగడం మీకూ వచ్చి ఉండాలి. అన్న చేస్తుంటే చూసిన తమ్ముడు అది మామూలు పనే అనుకుంటూ పెరుగుతాడు.

ఇప్పుడు నా అసలు బాధ చెబుతాను. మన శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మన మండలాల్లో ఊళ్ళకు ఊళ్ళు నీటిలో ఉన్నాయి. 2014లో మనం ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది పోలవరం కోసమే. ఆ ముంపు జాబితాలో మన బంధువుల ఊళ్ళున్నాయి. కొందరు ఇప్పటికే దూరంగా కట్టిన కాలనీలకు పోయారు, ఇంకొందరు ఎదురు చూస్తున్నారు. ఇంటికి లెక్క కడతారు, భూమికి లెక్క కడతారు. అవ్వ పేరు పెట్టి పిలిచిన ఇప్పచెట్టుకు, పిల్లలు కాపలా కాసిన మామిడికి ఏ కాగితంలోనూ గడి ఉండదు. చెట్టును భుజాన వేసుకుని పోలేం. దాని పేరు, దాని కాలం, దానితో చేసుకునే తీపి మాత్రం పిల్లల చేతుల్లో ఉంటే కాలనీకి కూడా వస్తాయి. ఒక గింజ జేబులో వేసుకుని పోతే అక్కడ మొలకెత్తుతుంది కూడా. విజ్జా పండుం చేసుకునే మనకు గింజ విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

చట్టం కూడా ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న అటవీ ఫలసాయాన్ని సేకరించుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు మనకిచ్చింది. అంతకుముందే 1996 పెసా చట్టం గ్రామసభ మాటకు బలమిచ్చింది. కానీ తునికి పండును గుర్తుపట్టలేని పిల్లవాడికి తునికి మీద హక్కు ఉండి ఏం లాభం? హక్కు కాగితం మీద ఉంటుంది. దాన్ని వాడుకోవడానికి కావలసిన తెలివి నోటి నుంచి నోటికి, చేతి నుంచి చేతికి వస్తుంది. ఈ తరంలో ఆ చెయ్యి మీదే.

కాబట్టి ఒక పని అప్పగిస్తున్నాను. ఈ సెలవుల్లో కనీసం మూడు రోజులు, రోజుకో గంట, ఫోన్ పక్కన పెట్టి చిన్నవాళ్ళతో కూర్చోండి. మీకు వీలైన మూడు వస్తువులు చేయండి. ఒక నోటు పుస్తకంలో ఒక్కో వస్తువుకు ఒక పేజీ రాయించండి. పైన చెట్టు బొమ్మ పిల్లలే వేయాలి. కింద తెలుగులో పేరు, ఇంటి భాషలో పేరు, ఏ నెలలో దొరుకుతుంది, ఎవరు నేర్పారు, ఎంత వదిలాం. అవ్వ చెప్పిన ఒక మాట కూడా. అక్షరాలు వంకరగా ఉన్నా పర్వాలేదు. జూన్‌లో పిల్లలు హాస్టల్‌కు వచ్చేటప్పుడు ఆ పేజీలు పంపండి. మా గోడల మీద చోటుంది. ప్యాకెట్ల పేర్లు గడగడా చెప్పే పిల్లల నోట ఆ గోడ చూసి ఇరవై చెట్ల పేర్లు పలికించే పూచీ మాది.

సెలవుల్లో మీ ఇళ్ళు చల్లగా ఉండాలి.